లేని ఆడమనిషి

సదానందానికి మొగతనం పోయింది. ఈ మాట చదవడానికి ఇబ్బందిగా ఉంటే ఉండనివ్వండి. ఆ ఇబ్బంది పడలేకే అతను ఏడాదిన్నర నోరు మూసుకున్నాడు. మూసుకున్న నోరే ఇల్లు కూల్చింది. నిజానికి ఆ మాట కూడా తప్పే. పోయింది మొగతనం కాదు. ఒంట్లో ఒకచోటికి నెత్తురు సరిగ్గా పారడం లేదు, అక్కడి నరాలు మొద్దుబారాయి, అంతే సంగతి. కంటిచూపు తగ్గితే అద్దాలు పెట్టుకుంటాం. మోకాలు అరిగితే దవాఖానకు పోయి లైన్లో నిలబడతాం. అదే నెత్తురు, అవే నరాలు నడుము కింద మొరాయించేసరికి మగవాడు దొంగలాగా గోడవారగా నడవడం మొదలుపెడతాడు.

కొత్తవాడలో సదానందం ఇల్లంటే మగ్గం చుట్టూ లేపిన నాలుగు గోడలు. ముందుగదిలో పెద్ద మగ్గం, దాని పక్కన ఒక చిన్న మగ్గం, వెనకగదిలో వంటా పడకా. నేసేది జంపఖానాలు. పెళ్లిళ్లలో నూరు మంది కూర్చునే పెద్ద జంపఖానా ఒక్కమనిషి చేతికి అందదు. మగ్గం ముందు ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. ఇటునుంచి ఒకరు నూలు కండె పెట్టిన నాడె విసిరితే అటునుంచి ఒకరు అందుకోవాలి. పడ్డ పోగును ఇద్దరూ ఒకే ఊపున లాగి కొట్టాలి. ఒకరి మనసు ఎటన్నా పోయిందంటే పట్టీ వంకర తిరుగుతుంది. సదానందం, అతని భార్య వాసంతి ఇరవై ఏళ్లు అట్లా ఒక్క ఊపున కొట్టారు. వాళ్ల జంపఖానాలో వంకర వెతకడం షావుకారు వల్ల కూడా కాలేదు. ఒక్కతే బిడ్డ కావ్య. హన్మకొండలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది.

అతనికి నలభైనాలుగు నిండిన ఏటి వానాకాలంలో మొదలైంది. మొదటిసారి అలసట అనుకున్నాడు. రెండోసారి కల్లు ఎక్కువైందనుకున్నాడు. మూడోసారి ఏమనుకోవాలో తెలియలేదు.

"పోనియ్ తియ్. పొద్దంత కొట్టి కొట్టి అలిసిపోతానవ్. పండుకో" అంది వాసంతి.

ఆమె అన్నది మంచిమాటే. అతనికి మాత్రం అది ముల్లులాగా దిగింది. పెళ్లాం జాలిపడిందంటే ఇక తను మగవాడు కానట్టేనని నలభై ఏళ్లుగా చెవిలో పోసిన చెత్తంతా ఒక్కసారి పైకి తేలింది. మరుసటి రోజు నుంచి ఆమె నిద్రపోయేదాకా ఫోన్ పట్టుకుని బయట అరుగు మీద కూర్చున్నాడు. వారం తర్వాత చాప తెచ్చి మగ్గం పక్కన వేసుకున్నాడు. నడుం నొప్పి, గట్టినేల మీదే బాగుంటుందన్నాడు.

వాసంతి నెలరోజులు చూసింది. ఒక సాయంత్రం తలంటుకుని, పక్కింటి చిలుకమ్మ దగ్గర మూర పూలు తెచ్చి పెట్టుకుని, దాచుకున్న చీర కట్టుకుంది. సదానందం గుమ్మంలోకి వచ్చి చూశాడు. చూడగానే అతనికి పుట్టింది కోరిక కాదు, భయం. ఆ భయం నోట్లోంచి కోపమై వచ్చింది.

"బిడ్డ డిగ్రీ సదువుతాంది. ఈ వయసుల నీకిదేం సోకే? సిగ్గులేదా?"

వాసంతి పూలు తీసి గోడకున్న మేకుకు తగిలించింది. ఆ తర్వాత మళ్లీ పెట్టుకోలేదు.

ఒళ్లు వేరే సంగతులు కూడా చెబుతూనే ఉంది. గంటకోసారి దాహం. గంటకోసారి దొడ్లోకి పరుగు. చొక్కాలు వదులయ్యాయి. మగ్గం కింద తవ్విన గుంటలో పలకలు తొక్కే కాళ్లు తిమ్మిరెక్కి, పలక తగిలిందో లేదో కూడా తెలియడం లేదు. ఇవన్నీ కలిపి ఒక్క డాక్టరుకు చెప్పి ఉంటే వేలి మీద ఒక్క చుక్క నెత్తురుతో తేలిపోయేది. కానీ కొత్తవాడలో పాత నేతగాళ్లకు ఒక నమ్మకం ఉంది. గుంటలో చెమ్మ అరికాళ్లలోంచి ఎక్కి నరాలను తింటుందని. కాళ్లను తిన్న చెమ్మే పైకి పాకి నడుము కింద కూడా పట్టుకుందని సదానందం తీర్మానించుకున్నాడు. చెమ్మకు మందేముంటుంది? ఎవరికి చెప్పుకోవాలి?

చివరికి కుమారస్వామికి చెప్పాడు. ఇద్దరూ కలిసి బడికి పోయినవాళ్లు, కలిసి బడి ఎగ్గొట్టినవాళ్లు. చెప్పడానికి మూడు సీసాల కల్లు పట్టింది. చెప్పింది కూడా తన గురించి కాదు, "నాకెరుకైన ఒకాయినకు" అని.

కుమారస్వామి నవ్వలేదు. అటూ ఇటూ చూశాడు.

"ఆ ఒకాయినకు చెప్పురా సదా, ఫికర్ చెయ్యద్దని. కాజీపేటల స్టేషన్ కాడ లాడ్జి ఉంటది. మంగళారం మంగళారం బయటి నుంచి ఒక డాక్టర్ వస్తడు. గోడల మీద కాయితాలు చూసినవ్ గదా, గుప్తరోగాలని. ఆయినే."

"నీకెట్ల తెల్సురా?"

"నాకెరుకైన ఇంకొకాయిన పోయిండు" అన్నాడు కుమారస్వామి. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా సీసాలు ఖాళీ చేశారు.

ఆ డాక్టరు డాక్టరు కాదు. లాడ్జి రూములో మంచం మీద కూర్చుని సంచిలోంచి పొట్లాలు తీసే మనిషి. నాడి పట్టలేదు, బీపీ చూడలేదు, నెత్తురు అడగలేదు. "పెళ్లికి ముందు చేతితో చేసుకునే అలవాటు ఉండెనా?" అని అడిగాడు. ఏ మగవాడికి ఉండదు? సదానందం తల వంచుకున్నాడు. "అదీ! అప్పుడు పోగొట్టుకున్న బలం ఇప్పుడు అడుగుతోంది. పైగా మీది గుంటమగ్గం. నరాలు చచ్చిపోయాయి" అని తేల్చేశాడు. మనిషి సిగ్గును పట్టుకుని పిండుకునే ఇట్లాంటి వెధవలకు ప్రతి ఊళ్లో రూము దొరుకుతుంది, గోడ దొరుకుతుంది, పోస్టరు అంటించడానికి జిగురు దొరుకుతుంది. పొడి పాలతో తాగాలి. నూనె రాసుకోవాలి. మల్లెపూల సెంటు కొట్టే నూనె. ప్రతి మంగళవారం రావాలి. రాకపోతే అతని దగ్గర పనిచేసే ఆడమనిషి ఫోన్ చేస్తుంది.

పొడి తాగినప్పుడల్లా మొహం ఎర్రబడి, తల దిమ్మెక్కి, గుండె మగ్గం కంటే గట్టిగా కొట్టుకునేది. ఒకటి రెండుసార్లు ఒంట్లో ఏదో కదిలినట్టు అనిపించింది కూడా. ఆ ఆశతో వాసంతి ఉన్న గది వైపు నాలుగడుగులు వేసేవాడు. గడప దాకా వచ్చేసరికి భయంతో అదీ పోయేది. మళ్లీ చాప. మళ్లీ మంగళవారం.

ఇటువైపు నుంచి చూడండి ఒకసారి. వాసంతికి కనిపిస్తున్నదేమిటి? మొగుడు తన పక్కలోకి రాడు. తను పూలు పెట్టుకుంటే సిగ్గులేదా అంటాడు. మంగళవారం వచ్చిందంటే ఇస్త్రీ చొక్కా వేసుకుని కాజీపేట పోతాడు. తిరిగొస్తే మల్లెపూల వాసన. ఒకనాడు అతను స్నానానికి పోయినప్పుడు ఫోన్ మోగితే ఎత్తింది. ఆడగొంతు: "ఈ మంగళవారం రాలేదేంటండీ? సార్ అడుగుతున్నారు... హలో? మీరేనా?" అవతల ఫోన్ పెట్టేశారు.

ఏ ఆడమనిషి అయినా ఏమనుకుంటుందో అదే అనుకుంది.

మరుసటి పొద్దున మగ్గం మీద కూర్చున్నారు. నాలుగైదు పోగులు వేశాక వాసంతి నాడె చేతిలోనే పట్టుకుని ఆగింది.

"కాజీపేటల ఎవలున్నరు?"

"ఎవలుంటరు? ఎవల్లేరు."

"మరి మంగళారం మంగళారం రైల్లు లెక్కవెట్టను పోతానవా?"

"పనుండి పోతాన. నాడె ఇసురు."

"ఏం పని?"

"మొగోనికి సవాలచ్చ పనులుంటయి. అన్ని నీకు చెప్పాల్నా?"

"ఆ ఫోన్ల మాట్లాడింది ఎవలో అదన్న చెప్పు. తిట్ట. కొట్ట. ఒక్కమాట చెప్పు."

అప్పుడు చెప్పవచ్చు. ఇంట్లో మూడో మనిషి లేడు. తలుపు దగ్గరగా వేసి ఉంది. పక్కన కూర్చున్నది ఇరవై ఏళ్లు భుజానికి భుజం తగిలించి నేసిన మనిషి. ఆ మాట సదానందం నాలుక చివరిదాకా వచ్చింది కూడా. వచ్చి, "నువ్వు నాడె ఇసుర్తవా ఇసరవా?" అని మారిపోయింది.

వాసంతి విసిరింది. ఆ పూట నేసిన మూర పొడవునా పట్టీ వంకర పోయింది.

ఆమె కరీమాబాద్‌లో ఉండే అక్క రాజక్కకు చెప్పింది. రాజక్క ఊరుకునే మనిషి కాదు. వారంలో కులపెద్దల దగ్గర పంచాయితీ పెట్టించింది.

ఆదివారం పొద్దున కులసంఘం బిల్డింగులో పదిమంది కూర్చున్నారు. నడిమధ్య కుర్చీలో గుండయ్య. ఆయన మాటంటే వాడలో చెల్లుతుంది. గోడవార బెంచీ మీద కుమారస్వామి కూడా ఉన్నాడు. రాజక్క, వాసంతి గడప పక్కన నిలబడ్డారు. ఆడవాళ్లకు కుర్చీలు వేయలేదు, వేయాలని ఎవరికీ తోచలేదు.

"ఏం సదానందం, నీ మీద మీ వదినె కంప్లైంట్ తెచ్చింది. నీకు ఇంకో ఆడమనిషి ఉన్నదంటాంది. ఉన్నదా, లేదా? ఒక్కటే ముచ్చట" అన్నాడు గుండయ్య.

లేదు అనాలి. లేదు కాబట్టి. కానీ లేదంటే తర్వాత వచ్చే ప్రశ్న అతనికి ముందే వినిపించింది. మరి కాజీపేట ఎందుకు పోతున్నావు? పెళ్లాం పక్కలోకి ఎందుకు పోవడం లేదు? సదానందం కుమారస్వామి వైపు చూశాడు. కుమారస్వామి పైకప్పు వైపు చూస్తున్నాడు.

పదిమంది మగవాళ్లు. పది జతల మీసాలు. ఈ పదిమందికీ తెలిస్తే సాయంత్రానికి కల్లు కాంపౌండుకు తెలుస్తుంది. పిల్లలు కూడా వెనక నుంచి పేరు పెట్టి పిలుస్తారు.

"ఉన్నది" అన్నాడు.

గడప దగ్గర ఎవరో గట్టిగా ఊపిరి పీల్చిన చప్పుడు అయింది.

"ఏమంటరు ఆమెను?"

పేరు కూడా కావాలా? "సరస్వతి" అన్నాడు, నోటికొచ్చింది. "రైల్వే క్వార్టర్ల ఉంటది. మొగడు లేడు."

ఏం జరిగిందో వినండి. ఒక్కడు ఉమ్మలేదు. గుండయ్య "తప్పు గదా రా" అన్నాడు, కానీ గొంతులో కోపం లేదు. బెంచీ మీద ఎవడో "దమ్మున్నోడే" అని గొణిగితే ఇద్దరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. ఒక ముసలాయన పోతూ పోతూ సదానందం వీపు మీద తట్టాడు కూడా. రోగం వచ్చిందంటే మనిషి కాకుండా పోయేవాడు, పెళ్లానికి ద్రోహం చేశానంటే మగాడయ్యాడు. ఇదీ మన పదిమంది తీర్పు. సదానందం కూడా ఆ తట్టు పడ్డప్పుడు ఒక్క క్షణం, ఒక్కటే క్షణం, ఛాతీ విరుచుకున్నాడు. ఏడాదిన్నరలో మొదటిసారి.

వాసంతి అది చూసింది.

ఆమె ఏడవలేదు, తిట్టలేదు. ఇంటికి పోయి నాలుగు చీరలు సంచిలో వేసుకుని అక్క వెంట కరీమాబాద్ పోయింది. రాజక్క మాత్రం వీధి మొగలో నిలబడి అతని ఏడుతరాలనూ దులిపింది.

సరస్వతి బతికింది. వారం తిరగకముందే ఆమెను చూసినవాళ్లు పుట్టుకొచ్చారు. ఒకడు కాజీపేట కూరగాయల మార్కెట్లో చూశానన్నాడు, ఎర్రగా పొడుగ్గా ఉంటుందట. ఇంకొకడు ఆమె తమ్ముడు గార్డు ఉద్యోగం చేస్తాడన్నాడు. చిలుకమ్మ ఆమె మెడలో గొలుసు కూడా వర్ణించింది. సదానందం ఎక్కడికి పోయినా ఆ లేని ఆడమనిషి అతనికంటే ముందే పోయి కూర్చుంటోంది. కావ్య ఫోన్ ఎత్తడం మానేసింది. ఒక్కసారి మెసేజ్ పెట్టింది: "మా ఫ్రెండ్స్‌కు కూడా తెలిసింది బాపు. ఇగ నాకు ఫోన్ చేయకు."

పెద్ద మగ్గం ఆగిపోయింది. సదానందం చిన్న మగ్గం మీద ఒక్కడే చేతనైనంత నేస్తూ, అన్నం వండితే తిని, లేకపోతే పస్తు ఉన్నాడు. కాజీపేట పోవడం మానేశాడు. ఇంట్లో పెళ్లామే లేకపోతే ఆ పొడి ఎందుకు?

చలికాలంలో ఒక మధ్యాహ్నం గుంటలోంచి పైకి లేచి నడుస్తుంటే నేల మీద ఎర్రటి అడుగులు పడుతున్నాయి. తిరిగి చూసుకుంటే తన అడుగులే. పలకకున్న మేకు అరికాలిలో దిగింది. ఎప్పుడు దిగిందో తెలియదు, నొప్పి తెలియలేదు. పసుపు పెట్టి గుడ్డ కట్టాడు. పదిరోజులకు పాదం ఉబ్బి వాసన కొట్టింది. అప్పుడు పోయాడు సర్కారు దవాఖానకు.

డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. పుండు చూసింది, వేలు గుచ్చి నెత్తురు చూసింది, మిషన్ మీద అంకె అతనికి కూడా చూపించింది. మూడు వందల ఎనభై.

"షుగర్. చాలాకాలం నుంచి ఉంది. ఎవరూ చెప్పలేదా?"

"లేదమ్మ."

"దాహం? ఊరికే మూత్రానికి పోవడం? కాళ్ల తిమ్మిర్లు?" అడుగుతూ రాసుకుంటూ, అదే గొంతుతో, తల ఎత్తకుండానే అడిగింది: "భార్యతో కలవడంలో ఇబ్బంది ఉందా?"

సదానందం తలుపు వైపు చూశాడు. తలుపు అవతల లైను ఉంది. గొంతు తగ్గించి, "ఉన్నదమ్మ" అన్నాడు.

"ఎన్నాళ్లుగా?"

"రెండేండ్లయితాంది."

ఆమె పెన్ను ఆపింది. "అప్పుడే రావాల్సింది. షుగర్ ముందుగా కొట్టే దెబ్బల్లో అదొకటి. చాలామంది మగవాళ్లకు మొదటి హెచ్చరిక అదే. అప్పుడు వచ్చి ఉంటే ఈ కాలు ఇంతదాకా వచ్చేది కాదు. ఏమన్నా మందులు వాడారా?"

పొడి సంగతి చెప్పాడు. ఆమె మొహం గట్టిపడింది. "అందులో ఏం కలుపుతారో వాడికే తెలియదు. గుండె ఆగి చచ్చిపోతారు. ముట్టుకోకండి. చూడండి, ఇది మీ ఒక్కరికే వచ్చింది కాదు. షుగర్ అదుపులోకి వస్తే కొంత బాగవుతుంది. గుండె పరీక్ష చేశాక దానికి వేరే గోళీలు ఉన్నాయి, నేనే రాస్తాను. వచ్చేసారి మీ ఆమెను కూడా తీసుకురండి. ఇద్దరికీ చెప్పాలి."

సదానందం బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. చీటీ చేతిలో ఉంది. ఇంతేనా? ఒక మనిషి తల ఎత్తకుండా అడిగే మాటేనా ఇది? కుంటుకుంటూనే ఆటో ఎక్కి నేరుగా కరీమాబాద్ పోయాడు.

రాజక్క గుమ్మంలోనే పట్టుకుంది. "ఏం మర్ది, సరస్వతి ఎల్లగొట్టిందా? కుంటోన్ని నేనేం చేసుకోనన్నదా?"

"వదినె, జర వాసంతితోని మాట్లాడాలె. రెండే రెండు ముచ్చట్లు."

వాసంతి లోపల కూర్చుని ఎవరివో కండెలు చుడుతోంది. లేవలేదు. అతను ఎదురుగా నేల మీద కూర్చుని చీటీ ముందుకు జరిపాడు. మొదట షుగర్ అన్నాడు. తర్వాత రెండోది కూడా చెప్పాడు. కాజీపేట లాడ్జి చెప్పాడు, నూనె చెప్పాడు, ఫోన్ చేసిన మనిషి ఎవరో చెప్పాడు. చెబుతున్నంతసేపూ నేల మీద దారప్పోగులు ఏరుతూనే ఉన్నాడు.

వాసంతి ఏడో తరగతి దాకా చదివింది. చీటీ మీదున్న ఇంగ్లీషు కూడబలుక్కుంది.

"గిదేనా?" అంది. "గీ ఒక్క కాయితం ముచ్చటకా నేను రెండేండ్లు అద్దం ముంగట నిలబడి ఏడ్సింది? నా ఒళ్లు వాసనొస్తాందేమో అనుకున్న. ముసలిదాన్నయిన్నేమో అనుకున్న. తెల్లెంటికెలు కనబడద్దని రంగేసుకున్న."

"చెప్తె ఇడిచిపెట్టి పోతవనుకున్ననే."

"రోగానికి ఇడిచిపెడ్తరా ఎవలన్న? మా బాపు తొమ్మిదేండ్లు మంచంల ఉన్నడు. మా అమ్మ ఇడిచిపెట్టిందా? నువ్వు చెప్తె దవాఖానకు నేను తోల్కపోకపోదునా?" ఆమె చేతిలో కండె పక్కన పెట్టింది. "సరే, నాకు చెప్పలే. భయపడ్డవ్. అదన్న మాఫ్ జేస్త. పంచాయితీల ఏం జేసినవ్? రోగమంటె నీ ఇజ్జత్ పోతుండె, నీ ఒక్కనిది. ఆడమనిషి ఉన్నదంటివి. ఎవలిది పోయింది? మొగన్ని ఆపుకోరానిదని నన్నంటాన్రు. కావ్యను హాస్టల్ల అంటాన్రు. నువ్వు నిలబడేటందుకు నన్ను పదిమంది కాళ్ల కింద పరిచినవ్. ఆడు వీపు తడితె ఛాతి పొంగిచ్చినవ్, నేను చూడలేదనుకున్నవా?"

"ఇంటికి రావే" అన్నాడు.

"వస్త. వచ్చే ఐతారం సంఘంల ఆ పదిమందే ఉంటరు. ఏ నోటితోని ఉన్నదన్నవో ఆ నోటితోనే లేదను. గంతటితోని సరిపోదు. ఎందుకు అబద్ధమాడినవో గూడ చెప్పు. నీ రోగం పేరు చెప్పు. నేను గడప కాడ నిలబడి ఇంట. ఇని, అటు నుంచి అటే నీ ఎంట నడుస్త." మళ్లీ కండె అందుకుంది. "చెప్పకపోతె మాత్రం ఇగ రాకు."

"చెప్త" అన్నాడు సదానందం. ఆ క్షణాన నిజంగానే చెబుదామనుకున్నాడు.

వారమంతా మూడు ముక్కలు తయారు చేసుకున్నాడు. నాకు షుగర్ ఉన్నది. దానితోని నాకు ఆ పని చాతకాలేదు. ఆడమనిషి లేదు. నేస్తూ అన్నాడు, తింటూ అన్నాడు, కాలికి కట్టు మార్చుకుంటూ అన్నాడు. గోడకు చెబితే చాలా తేలిగ్గా ఉంది. ఆదివారం సంఘం బిల్డింగు మెట్లెక్కుతూ కూడా పెదవులు కదుపుతూనే ఉన్నాడు.

లోపల పింఛన్ల దరఖాస్తుల గురించి ఏదో గొడవ నడుస్తోంది. వాసంతి అప్పటికే వచ్చి గడప పక్కన నిలబడి ఉంది. ఆమె తల దువ్వుకుని, పక్కన సంచి పెట్టుకుని ఉంది. సదానందం ఆ సంచి చూశాడు. ఇంటికి రావడానికే వచ్చింది.

"ఏం సదానందం, మళ్లొచ్చినవ్?" అన్నాడు గుండయ్య.

"ఒక ముచ్చట చెప్పాలె మామా. అందరికి."

"చెప్పు మరి."

పది మొహాలు ఇటు తిరిగాయి. షుగర్ అని మొదలుపెట్టాలి. నోరు తెరిస్తే మూడు ముక్కల్లో ఏది తేలికో అదే ముందుగా దూకింది.

"ఆడమనిషి లేదు."

గుండయ్య తొడ చరిచాడు. "గిదీ మాటంటె! ఇడిచిపెట్టినవన్నట్టు!"

"ఇడిచిపెట్టిండు, ఇడిచిపెట్టిండు!" అని బెంచీ మీద మాట పాకింది. "పాపం సరస్వతి" అన్నాడొకడు. గదంతా నవ్వింది.

"అట్ల గాదు మామా. అసలు ఉండె... అసలు లేకుండె. నాకు..."

"అయిపోయిన దాన్ని లేదనే అనాలె తియ్" అన్నాడు ముసలాయన.

"ఇనున్రి. నాకు... నేను కాజీపేట పోయింది..."

కాజీపేట అనగానే బెంచీ మీద కుమారస్వామి మొహం పాలిపోయింది. లాడ్జి పేరు వస్తే తన పేరు వస్తుంది. ఇద్దరి చూపులూ కలిశాయి. కుమారస్వామి కళ్లల్లో ఉన్నది బెదిరింపు కాదు, బతిమాలడం. మరుక్షణం వాడు లేచి చప్పట్లు కొట్టాడు.

"ఇగ చాలు తియ్ రా సదా! పదిమందిల ఒప్పుకున్నవ్, ఇడిచిపెట్టినవ్, మంచిగైంది. దాన్నే ఎంత తవ్వుతవ్? అరేయ్, చాయ్ చెప్పున్రి అందరికి!"

గుండయ్య గడప వైపు తిరిగాడు. "బిడ్డా వాసంతి, ఇన్నవా? ఆమెను ఇడిచిపెట్టిండు. మొగోడన్నంక ఒకపారి కాలు జారుతది. నువ్వు గూడ పెద్ద మనసు చేసుకొని ఇంటికి పో."

వాసంతి గుండయ్య మొహం చూడలేదు. గది నడుమ నిలబడ్డ సదానందాన్నే చూస్తోంది. గదిలో నవ్వులు తగ్గేదాకా ఆగి, మెల్లగా, అందరికీ వినపడేటట్టు అడిగింది.

"ఇంకేమన్న ఉన్నదా చెప్పేది?"

ఇంతకంటే ఎవరు ఏం చేస్తారు? తలుపు బార్లా తీసి పట్టుకుని నిలబడింది. రెండు ముక్కలు. షుగర్ అనే ఒక్క మాట అన్నా ఆమె మిగతాది తనే అందుకునేది. పది మొహాలూ నవ్వు ఆపుకుని చూస్తున్నాయి, ఇంకా సరస్వతి ముచ్చట ఏదన్నా రాలుతుందేమోనని. సదానందం నోరు తెరిచాడు. ఛాతీ లోపల ఆ రెండు ముక్కలు తిరుగుతూనే ఉన్నాయి.

"ఏం లేదు" అన్నాడు.

వాసంతి తల ఊపింది, సరే అన్నట్టు. సంచి భుజానికి వేసుకుని మెట్లు దిగింది. కరీమాబాద్ ఆటోలు ఆగేవైపు నడిచింది. "గా పొగరే ఆడిదానికి పనికిరాదు" అన్నాడు ముసలాయన. "రెండు రోజులైతె అదే వస్తది" అన్నాడు గుండయ్య.

చాయ్ వచ్చింది. కుమారస్వామి తన చేత్తోనే ఒక గ్లాసు తెచ్చి సదానందం చేతిలో పెట్టి, చూపు తిప్పుకుని, "తాగురా" అన్నాడు. చిక్కటి చాయ్, చక్కెర దండిగా వేశారు. వద్దనాలంటే ఎందుకు వద్దో చెప్పాలి.

సదానందం తాగాడు.